సెప్టెంబరు కోత

శనివారం పొద్దున గిరిజ ఇంట్లో ఉప్మా తప్పదు. వారమంతా ల్యాబ్‌లో నిలబడి కాళ్ళు లాగే మనిషి, సెలవు రోజున కూడా పిండి రుబ్బమంటే ఎక్కణ్ణుంచి రుబ్బుతుంది? రవ్వ వేయించి, ఉల్లిపాయ తరిగి, పోపు పెట్టి, టీ మరిగేలోపల దించేస్తుంది. మహిధర్ ఫోన్ చూసుకుంటూ తినేస్తాడు. పదిహేనేళ్ళ అక్షర ప్లేటు వంక ఒకసారి చూసి, "ఓకే" అని తింటుంది. బాగుందని గానీ బాగాలేదని గానీ ఆ పిల్ల నోట ఏనాడూ రాలేదు. మా అమ్మాయి గొడవ చేసే రకం కాదని గిరిజ నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ శనివారం ఉప్మా అడుగంటింది. కిటికీలోంచి ముందు లాన్ వైపు చూస్తూ గిరిజ గరిటె తిప్పడం మరిచిపోయింది. గడ్డి మోకాలు దాటి పెరిగింది. లెటర్‌బాక్స్ కనబడటం మానేసి వారం దాటింది. రైలు స్టేషన్‌కి నడిచిపోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆ గడ్డినీ, తర్వాత ఇంటి తలుపునూ చూసి, తల దించుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళు అలా చూడటం కంటే అలా తల దించుకోవడమే గిరిజకు ఒళ్ళు మండించింది.

ఎందుకంటే న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారు టకానినిలో ఆ వీధి గడ్డి సంగతి అందరికీ తెలిసిందే. చలికాలమంతా ఇంట్లోవాళ్ళు నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటలు నేలలోకి దిగి లాన్‌లో చేరతాయి. ఎంత మింగితే గడ్డి అంత ఎత్తు. అక్కడ సెప్టెంబరులో వసంతం రాగానే, మొదటిసారి గడ్డి కోసే మోవర్ నడిపినప్పుడు, బ్లేడు తగిలిన చోటల్లా ఆ మాటలు ఎవరివి వాళ్ళ గొంతుతోనే బయటికొస్తాయి. ఆ ఒక్క కోతకే. ఆ తర్వాత మళ్ళీ చలికాలం వచ్చేదాకా అది ఉత్త గడ్డి. అందుకని ఎవరైనా మొదటి కోత మొదలుపెట్టారంటే ఇరుగుపొరుగు కిటికీలు వేసుకుంటారు, టీవీ పెద్దగా పెట్టుకుంటారు, పిల్లల్ని పార్కుకి తోలేస్తారు. అది ఆ వీధి మర్యాద.

ఎదురింటి బ్రూస్ అనే ముసలాయన తన లాన్ తనే కోసుకుంటాడు. భార్య పోయినప్పటినుంచి ఆయన ఇంట్లో గడ్డి చెప్పుకోదగ్గంత పెరగడం లేదు. అయినా ప్రతి సెప్టెంబరులోనూ మోవర్ తీసి, ఒకటికి రెండుసార్లు మొత్తం తిరిగి, లోపలికి వెళ్ళిపోతాడు. పక్కింటి అప్పారావు మాత్రం తెలివైనవాడు. గృహప్రవేశం అయిన నెలలోనే లాన్ మొత్తం తవ్వించి కాంక్రీట్ పోయించాడు. మెయింటెనెన్స్ ఉండదు, కార్లు పెట్టుకోవచ్చు అన్నాడు. ఏటా వసంతానికి ఆ కాంక్రీట్ సరిగ్గా మధ్యలో చీలుతుంది. ఆ చీలికలోంచి ఆయన భార్య కుసుమ గొంతు సన్నగా వినబడుతూ ఉంటుంది. అప్పారావు సిమెంటు కలుపుకొచ్చి పూడ్చేస్తాడు.

గిరిజ వాళ్ళ లాన్ కోయడానికి ఇన్నేళ్ళూ విష్ణు అనే ఫిజీ ఆయన వస్తుండేవాడు. చెవులకు పెద్ద మఫ్‌లు పెట్టుకుని, ఎవరి మాటా వినకుండా కోసి, గడ్డి సంచుల్లో నింపి, ట్రైలర్‌లో వేసుకుని పోయేవాడు. గిరిజ ఆ సమయానికి ల్యాబ్‌లో ఉండేది, మహిధర్ ఆఫీసులో. లాన్ మనం కోసుకోవడమేంది, మనిషిని పెట్టుకుంటే పోయేదానికి అని మహిధర్ మొదటి ఏడే తేల్చేశాడు. హనుమకొండలో పుట్టి పెరిగిన గిరిజకూ అందులో తప్పేమీ కనబడలేదు. అట్లా ఆమె ఏళ్ళ తరబడి మింగిన మాటలన్నీ ఎవరూ వినకుండానే చెత్త కుప్పకు చేరాయి.

ఈసారి విష్ణు శుక్రవారం వచ్చాడు. అడుగు కోశాడో లేదో మోవర్ గొంతు పట్టినట్టు ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆగింది. తన మిషన్ పాడుచేసుకోలేనని, మన్నించమని, ట్రైలర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గడ్డి ఇంత ఎందుకు పెరిగిందో గిరిజకు తెలియంది కాదు. జూలైలో ఒకరోజు ఆమె ఇండియన్ షాపులో ఎల్లిపాయలు ఏరుతోంది. పక్కింటి కుసుమ బుట్ట పట్టుకుని ఎదురొచ్చి, "మీరు బ్రిస్బేన్ వెళ్ళిపోతున్నారంట కదా గిరిజా, అన్నయ్యగారికి పెద్ద జాబ్ వచ్చిందంట, ఇల్లు కూడా అమ్మేస్తున్నారంట" అంది. గిరిజ చేతిలో ఎల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది. అవునండీ అని నవ్వింది. నవ్వింది చూడండి, అదీ ఆమె ఖర్మ. మొగుడు అప్పారావుతో చెప్పాడు, అప్పారావు పెళ్ళాంతో చెప్పాడు, ఆ పెళ్ళాం ఎల్లిపాయల దగ్గర ఈమెకు చెప్పింది.

ఇంటికొచ్చి అడిగితే మహిధర్ ఏమాత్రం తడబడలేదు. ఈ వీకెండ్ చెప్దామనే అనుకున్నానన్నాడు. ఆస్ట్రేలియాలో జీతాలు ఎట్లున్నాయో చూడమన్నాడు. నీ ల్యాబ్ ఉద్యోగాలు అక్కడ మాత్రం లేవా అన్నాడు. నువ్వు కాదంటావా ఏంటి అని నవ్వాడు కూడా.

"సరేలే. మీ ఇష్టం" అంది గిరిజ.

ఆ రెండు ముక్కలూ ఆమెకు కొత్తవి కావు. న్యూజిలాండ్‌కి ముందు చదువుకోడానికొచ్చింది ఆమె. క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో, రిక్కార్టన్‌లో ఒక ఫ్లాట్‌లో నలుగురితో సర్దుకుని, చదువు పూర్తి చేసి, అక్కడే ల్యాబ్ ఉద్యోగం సంపాదించుకుంది. ఆమె వీసా మీద వచ్చినవాడు మహిధర్. అతనికి ఆక్లాండ్‌లో ఉద్యోగం దొరకగానే, సరేలే, మీ ఇష్టం అని ఉన్న ఉద్యోగం వదులుకుని వెంట వచ్చింది. వచ్చి, ఆక్లాండ్ అవతల పుకెకొహెలో కూరగాయల షెడ్డులో ఉల్లిగడ్డలు ప్యాక్ చేసింది. చేతులకు ఆ వాసన పోవడానికి ఏళ్ళు పట్టింది. మళ్ళీ ల్యాబ్ దొరికింది. మొన్న జూన్‌లోనే రక్తపరీక్షల విభాగం మొత్తం నువ్వే చూసుకోవాలని అడిగారు. ఆ సంగతి చెబితే మహిధర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా మంచిదే కదా అన్నాడు. ఇప్పుడు ఆ విభాగమూ, ఈ ఇల్లూ, అన్నీ వదిలేసి మూడోసారి మొదలుపెట్టాలి. ఇల్లు అమ్మకానికి పెట్టే కాగితాల మీద గిరిజ సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. ఆ మాట రోజూ గొంతుదాకా వచ్చేది, రోజూ మింగేది. ప్రతి పొద్దునా గడ్డి ఒక పిడికెడు పైకి లేచి ఉండేది.

అడుగంటిన ఉప్మా తింటూ మహిధర్ అన్నాడు. "సోమవారం ఏజెంట్ ఫోటోలు తీసేటోన్ని తీస్కొని వస్తది. ఆ గడ్డి సంగతేందో చూడు. అప్పారావు లెక్క కాంక్రీట్ పోయిస్తే ఈ లొల్లే ఉండకపోవు. నాకిప్పుడు బ్రిస్బేన్ వాళ్ళతోని కాల్ ఉంది."

"శనివారం కూడానా?"

"వాళ్ళకు అర్జెంట్. ఎవరినన్న పిలువు."

సరేలే అనడానికి గిరిజ నోరు తెరిచింది. ఏమనుకుందో, ఆ మాట అనలేదు. గమ్‌బూట్లు వేసుకుని రోడ్డు దాటి బ్రూస్ తలుపు కొట్టింది.

బ్రూస్ మోవర్ బయటికి తోసి పెట్రోలు పోశాడు. తాడు ఎలా లాగాలో చూపించాడు. గడ్డి ఇంతుంది కాబట్టి ముందు బ్లేడు ఎత్తిపెట్టి ఒకసారి, తర్వాత దించి ఒకసారి కోయమన్నాడు. చెవి మఫ్‌లు అందించాడు. వద్దంది గిరిజ. ఆయన ఆమె ముఖం ఒకసారి చూసి, తల ఊపి, లోపలికి పోయి కిటికీలు మూసుకున్నాడు. గిరిజ మోవర్ తోసుకుంటూ రోడ్డు దాటేసరికి వీధి పొడుగునా కిటికీలు ఒకటొకటిగా మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. మూసుకోండి, లేకపోతే తెరుచుకునే కూచోండి, నాకేం అనుకుంది.

తాడు రెండు మూడుసార్లు లాగితే గానీ ఇంజను అందుకోలేదు. లెటర్‌బాక్స్ దగ్గర మొదలుపెట్టింది. విష్ణు మోవర్ ఆగిపోయింది గానీ ఇది ఆగలేదు. బ్లేడు గడ్డిలోకి దిగింది, పచ్చివాసన గుప్పుమంది, ఆ వాసన వెంటే ఆమె గొంతు పైకి లేచింది.

"నా అన్నం ఎప్పుడూ చల్లారినంకనే తింటున్న. ఒక్కనాడన్న చూసినవా నువ్వు?"

గిరిజ ఉలిక్కిపడింది. ఆ మాటకు కాదు, అందులో వినబడ్డ 'నువ్వు'కు. పెళ్ళయినప్పటినుంచి ఆమె మహిధర్‌ని మీరు తప్ప అనలేదు. లోపల ఇంతకాలంగా నువ్వు అంటోందని ఆమెకే తెలియదు. నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటే పళ్ళు బిగిసుకున్నాయి. మోవర్‌ని ముందుకు తోసింది.

"మీ అక్క ముందట నా వంటను ఎక్కిరించినవ్. నేను నవ్విన. ఎందుకు నవ్విన నేను?"

"పొద్దుగాల లేస్తే ఫోన్ చూసి నవ్వుతవ్. నన్ను చూసి నవ్వి ఎన్నేండ్లయింది?"

"నీ వెంట వస్తే ఉల్లిగడ్డలు ఏరిన. నా చదువు ఏమైంది అని అడిగినవా?"

మధ్యలోకి వచ్చేసరికి గడ్డి ఇంకా దట్టంగా ఉంది. మోవర్ మూలుగుతోంది, గిరిజ భుజాలు పీకుతున్నాయి, చెమట కళ్ళలోకి కారుతోంది. గొంతు మాత్రం స్పష్టంగా, ఏ వణుకూ లేకుండా పైకి వస్తోంది.

"ఎల్లిపాయలు కొంటుంటే తెలిసింది నాకు, నా ఇల్లు అమ్ముతున్నవని. పక్కింటోళ్ళకు చెప్పినవ్. నాకు చెప్పలే. నేను ఎవరిని నీకు?"

అప్పుడు ఆమె సరిగ్గా హాలు ముందుంది. గాజుతలుపు అవతల మహిధర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆ మాట అతని చెవిన పడింది. తల ఎత్తాడు. ఆమెను చూశాడు. లేచాడు. వస్తున్నాడనుకుని గిరిజ మోవర్ హ్యాండిల్ మీద చెయ్యి కాస్త వదులు చేసింది. మహిధర్ తలుపు దగ్గరికొచ్చి, ఆమెకు చిన్నగా తల ఊపి, చప్పుడు కాకుండా గాజుతలుపు జరిపి మూసి, వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు.

పక్కింటివాళ్ళు మూసుకుంటే అది మర్యాద. ఇంట్లోవాడు మూసుకుంటే దాన్నేమంటారు?

"నీ ముఖం మండ" అంది గిరిజ. ఈసారి గడ్డి కాదు, ఆమే అంది, నోటితో. అన్నాక చుట్టూ చూసింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. హైవే మీద కార్లు పోతూనే ఉన్నాయి. ముందు లాన్ మిగతాదంతా ఆమె పరుగులాంటి నడకతో కోసేసింది. సంచీ నిండినప్పుడల్లా తెచ్చి గాజుతలుపు ముందే కుమ్మరించింది. అక్కడ కుప్ప నడుము ఎత్తు అయింది.

వెనక పెరడు మిగిలింది. బట్టలు ఆరేసే తీగ, దాని పక్కన అక్షర చిన్నప్పుడు ఎగిరిన పాత ట్రాంపొలీన్. అక్కడి గడ్డి ముందు లాన్ కంటే ఎత్తుగా ఉంది. ట్రాంపొలీన్ చుట్టూ అయితే నడుము దాకా వచ్చింది. బట్టలు ఆరేస్తూ తను మింగినవే అయ్యుంటాయని గిరిజ అనుకుంది. ఇంకా ఎన్నున్నాయో రానీ అని మోవర్ అటు తిప్పింది.

"సరేలే. మీ ఇష్టం."

గిరిజ ఆగింది. మాట తనదే, గొంతు తనది కాదు. ఎవరైనా వచ్చారేమోనని వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ఇంకో అడుగు తోసింది.

"సరేలే. మీ ఇష్టం."

అక్షర గొంతు. ఇంట్లో ఏం అడిగినా ఇంగ్లిష్‌లో తప్ప జవాబు చెప్పని పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదని అందరూ అనుకునే పిల్ల, తెలుగులో మింగింది. అదీ ఏ మాత్రం యాస తప్పకుండా, అచ్చం హనుమకొండ తెలుగులో, అచ్చం తల్లిలాగా. మింగడం ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్ళ భాషలోనే నేర్చుకుంది.

 అయినా గిరిజ ఆపలేదు. ట్రాంపొలీన్ చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"నెట్‌బాల్ టీమ్‌ల తీసుకున్నరని చెప్పిన. అమ్మ బట్టలు ఆరేస్తుంది. వచ్చే ఏడు మనం ఇక్కడుంటే కదా అన్నది. గట్ల తెలిసింది నాకు."

ఇంకో అడుగు.

"నాన్న అమ్మను అడగలే. అమ్మ నన్ను అడగలే."

గిరిజ ఇంజను ఆపేసింది.

ఆ రోజు గుర్తుంది ఆమెకు. ఆగస్టులో, చాలా రోజుల తర్వాత ఎండ కాసిన రోజు. నోట్లో క్లిప్పులు పెట్టుకుని దుప్పటి పరుస్తుంటే పిల్ల వచ్చి ఏదో చెప్పింది. తనేదో అంది. పిల్ల ఓకే అని వెళ్ళిపోయింది. ఎల్లిపాయల దగ్గర కుసుమ చెప్పినంత శ్రద్ధగా కూడా తను చెప్పలేదు. కుసుమ కనీసం ముఖం చూసి చెప్పింది. పొద్దున్నుంచి మహిధర్ మీద రగులుతున్న కోపం అలాగే ఉంది, కానీ ఇప్పుడు దానికి రెండో వైపు కూడా పదును వచ్చింది. ఆ పదును తన వైపుకే ఉంది.

వెనక తలుపు దగ్గర అక్షర నిలబడి ఉంది. ముఖం ఎర్రగా ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"అక్షూ, నీకు బ్రిస్బేన్ రావాలని ఉందా?"

"ఇట్స్ ఓకే, అమ్మా."

"ఓకే వద్దు. ఉందా, లేదా?"

అక్షర కోసిన గడ్డి వంక చూసింది, కోయని గడ్డి వంక చూసింది. 

"లేదు."

"నాకు కూడ లేదు" అంది గిరిజ.

గమ్‌బూట్లకు అంటిన మట్టితోనే కార్పెట్ మీద నడుచుకుంటూ హాల్లోకి వెళ్ళింది. మహిధర్ కాల్‌లోనే ఉన్నాడు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. గిరిజ ఆ వేలు వంక చూసి, "లే. వెనక మిగిలిన గడ్డి నువ్వు కొయ్యి" అంది.

మహిధర్ చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీశాడు. నువ్వు అన్నది నిజంగా ఆమేనా అన్నట్టు చూశాడు. బ్రిస్బేన్ వాళ్ళకు ఏదో చెప్పి కాల్ ఆపి, పెరట్లోకి వచ్చాడు. వచ్చి, చెవులకు పెట్టుకోను ఏమన్నా ఉందా అని అడిగాడు. లేదంది గిరిజ. కావాలంటే రోడ్డు అవతల ఉన్నాయి, కానీ ఆమె తేలేదు, అతన్ని పోనివ్వలేదు.

మహిధర్ తాడు లాగాడు. పెళ్ళామూ కూతురూ ఇద్దరూ చూస్తుండగా ట్రాంపొలీన్ వెనక సగం అతను కోశాడు. నాన్న అమ్మను అడగలే, అమ్మ నన్ను అడగలే అన్న మాట అతను ఎన్నిసార్లు విన్నాడో, మోవర్ నడపడం రాక ఎన్నిసార్లు ఒకే చోట తిరిగాడో, ఆ కాసేపట్లో అతని మెడ వంగిపోయింది. కంచె మూలన చివరి గుబురు కోసినప్పుడు మాత్రం అతని గొంతే పైకి వచ్చింది.

"నా వెనకొచ్చినోళ్ళంత ఆస్ట్రేలియా పోయిన్రు. నేను ఈడనే ఉంటే చేతగానోడంటరు."

మహిధర్ ఇంజను ఆపి అక్కడే నిలబడ్డాడు. గిరిజకు జాలేసింది. కోపం మాత్రం ఇంచు కూడా తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"నేను రాను" అంది. "అక్షర రాదు. ఇల్లు అమ్మను, సంతకం పెట్టను. నువ్వు పోవాల్నంటే పో, ఆపను. కానీ నన్ను అడగకుండ నా పెట్టె సర్దినవంటే ఊకోను."

సోమవారం ఏజెంట్ ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. లాన్ ఎంత నున్నగా ఉందో అని మెచ్చుకుంది. గిరిజ గుమ్మంలోనే నిలబడి, ఇల్లు అమ్మడం లేదని, వచ్చినందుకు థాంక్స్ అని చెప్పింది. వెనక నిలబడ్డ మహిధర్, "నాకైతే మస్తు కోపంగున్నది" అన్నాడు తెలుగులో, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. కాదని మాత్రం అనలేదు. ఒక్కడే పోవడానికి అతనికి మనసొప్పలేదు. బ్రిస్బేన్ వాళ్ళు కొన్నాళ్ళు చూసి ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. ఆ నెలంతా మహిధర్ అరిచాడు. గిరిజ తిరిగి అరిచింది. ల్యాబ్‌లో ఆ విభాగం తను తీసుకున్నానని కూడా ఆ అరుపుల మధ్యే చెప్పింది. అప్పారావు మర్యాదగా కిటికీలు మూసుకున్నాడు. కుసుమ ఆయన అటు వెళ్ళగానే తెరిచింది. వానలు పడుతూనే ఉన్నాయి, ఊళ్ళో అందరి గడ్డీ పెరుగుతూనే ఉంది, వీళ్ళ లాన్ మాత్రం కోసిన ఎత్తులోనే నిలబడిపోయింది.

ఆ గొడవల మధ్యే ఒక శనివారం గిరిజ ఉప్మా చేసి అక్షర ముందు పెట్టింది. పిల్ల ప్లేటు వంక ఎప్పటిలాగే చూసింది. చెంచా ముట్టుకోలేదు.

"నాకు ఉప్మా వద్దు."

"ఎప్పటిసంది?"

"ఎప్పుడూ నచ్చలే."

పొద్దున్నే లేచి చేసిన గిరిజకు చుర్రుమంది. "మరి ఇన్నేండ్లు చెప్పడానికేం? వద్దంటే లేచి చేస్కో" అని గట్టిగానే కసురుకుంది. అక్షర కుర్చీ వెనక్కి నెట్టి లేచి, అంతే గట్టిగా అల్మరా తెరిచి, బ్రెడ్ తీసి టోస్టర్‌లో పెట్టింది. గిరిజ కూతురి ప్లేటు తన వైపుకు లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలి చూసింది. నిజంగానే బాగాలేదు. ఆ మాట పైకే అంది.